వాన అనే మాట లేని కవిత

బూరుల్ కూతురికి ఒకటే రోగం. కంటికి కనిపించేది ఆమెకు కనిపించినట్టు కనిపించదు. పొయ్యి పొగ చిమ్మితే అది మనసులోని ఆవేదనకు సంకేతం. ఆవు తంతే అది అణచివేత మీద తిరుగుబాటు. ఒకసారి తల్లి ఇచ్చిన టీ ఒక గుక్క తాగి, గిన్నెలోకి చాలాసేపు చూసి, "ఈ చల్లదనంలో ఎంత నిరీక్షణ ఉంది, అపా!" అంది.

"నిరీక్షణ కాదే తల్లీ, నువ్వు ఫోనులో వాగుతూ కూర్చుంటే చల్లారిపోయింది," అంది బూరుల్.

బేగాయిమ్ ఆ మాటకు కూడా తలూపి, క్లాసులో పనికొస్తుందన్నట్టు ఎక్కడో దాచుకుంది. ఆమె జిల్లా పట్నంలో సాహిత్యం చెప్పే టీచరు. ఇలాంటి కూతుర్ని ఇచ్చి దేవుడు తనను ఎందుకు శిక్షించాడో అని బూరుల్ కనపడిన ప్రతివాళ్ల దగ్గరా వాపోయేది. అలా వాపోతున్నప్పుడు ఆమె మొహం చూస్తే, గుర్రప్పందెం గెలిచినవాడు ఒంటిమీద దుమ్ము పడిందని విసుక్కుంటున్నట్టు ఉండేది.

కోడలు నాజిక్ గురించి మాత్రం ఫిర్యాదు చేయడానికి ఏమీ దొరకలేదు. ఆమె మీద అసలు ఫిర్యాదు అదే. అందరికన్నా ముందు లేస్తుంది, పొయ్యి వెలిగిస్తుంది, పాలు పితుకుతుంది, ఎదురు చెప్పదు. మనవరాలు మీరిమ్‌ను కని ఇచ్చింది. తొలిచూలు బిడ్డ నాయనమ్మ సొత్తు కాబట్టి ఆ పిల్ల బూరుల్ పక్కలోనే పడుకుంటుంది, బూరుల్‌నే అపా అంటుంది. కన్నతల్లిని పేరు పెట్టి పిలుస్తుంది. ఇంత బుద్ధిగా ఉండే కోడలితో ఏ అత్తగారైనా ఎంతకాలమని సర్దుకుపోగలదు?

మొగుడి పేరు నోటితో పలకని ఆడవాళ్లు లోకంలో చాలామందే ఉంటారు. బూరుల్ అంతటితో ఆగిన మనిషి కాదు. చనిపోయిన ఆమె భర్త పేరు జమ్గర్చీ, అంటే వానను తెచ్చేవాడు. కమ్మరి పని చేసేవాడు కాబట్టి ఊరంతా ఆయన్ని ఉస్తా అనే పిలిచేది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి బూరుల్ ఆ పేరునే కాదు, ఆ పేరు కడుపులో ఉన్న వాననూ పలకలేదు. "తడి వస్తోంది, బట్టలు తీయండి" అనేది. దీని మీద బేగాయిమ్ జిల్లా పత్రికలో ఒక వ్యాసం కూడా రాసింది. తన తల్లి మాండలికంలో వానను తడి అంటారనీ, అది భూమి మాతృత్వానికి సంకేతమనీ. ఈ కట్టుబాటు కోడళ్లకే గాని కూతుళ్లకు లేదు. అందుకని కూతురు ఎప్పుడూ అడగలేదు. పత్రికలో పేరు పడ్డాక తల్లి దిద్దనూ లేదు.

ఈ కాలంలో దాన్ని ఎవరు పాటిస్తున్నారు? పక్కింటి కోడలు మామగారిని పేరు పెట్టి పిలవడమే కాదు, కుక్కకు అన్నం పెట్టమని కేకలు కూడా వేస్తుంది. అయినా నాజిక్ పెళ్లికూతురిగా తలమీద తెల్లటి గుడ్డ కప్పుకుని గుమ్మంలోకి వచ్చిన నాడే బూరుల్ ఆమెను పక్కకు పిలిచి చెప్పింది. "ఈ ఇంట్లో మీ మామగారి పేరు నీ నోట రాకూడదు. ఆ పేరు లోపల ఉన్నదీ రాకూడదు. ఆకాశం నుంచి పడినా సరే."

"సరే, అపా," అంది నాజిక్.

అన్న మాట నిలబెట్టుకుంది. ఆ ఇంట్లో వాన అనని ఆడవాళ్లు ఇద్దరయ్యారు. ఇది కొడుకు కుబాన్‌కు తెలియదు. మగవాళ్లకు పళ్లెంలో తిండి లేకపోతే తెలుస్తుంది గాని, ఇంట్లో ఒక మాట లేకపోతే తెలియదు.

వేసవి మొదట్లో బంధువుల విందు వంతు బూరుల్ ఇంటికి వచ్చింది. గొర్రెను కోశారు. నాజిక్ పిండి కలిపి, సాగదీసి, ముక్కలు కోసి, నూనెలో బోర్సోక్ వేయించి, అందరూ కూర్చున్నాక తాను గుమ్మం దగ్గర టీ కాగే రాగి సమోవార్ పక్కన నిలబడి టీ పోస్తోంది. కలిచా అని ఒక ముసలామె ఉంది. కుబాన్‌కు మేనత్త వరస. ఊళ్లో ఎవరి పెళ్లి జరిగినా, ఎవరి పెళ్లి చెడినా ముందుగా తెలిసేది ఆమెకే. ఆమె ఒక బోర్సోక్ నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది.

"బూరుల్, ఇంక నువ్వు వంటింటి గడప తొక్కకు. ఇన్నేళ్లూ నీ బోర్సోక్ నమిలినందుకు నా పళ్లకు ఇన్నాళ్లకు దేవుడు న్యాయం చేశాడు."

అందరూ నవ్వారు. బూరుల్ కూడా నవ్వింది, అందరికన్నా ఎక్కువసేపు.

పులిసిన గుర్రప్పాల కుమిస్ రెండు చుట్లు తిరిగాక ముడి వేసిన రుమాలు బయటికి వచ్చింది. అది ఎవరి ఒడిలో పడితే వాళ్లు పాడాలి, లేదా ఏదైనా చెప్పాలి. బేగాయిమ్ దాన్ని తీసుకుని గిరగిరా తిప్పి సమోవార్ వైపు విసిరింది.

"నాకు పాట రాదు, ఎజే," అంది నాజిక్. పెద్ద ఆడబిడ్డ కాబట్టి బేగాయిమ్‌ను ఆమె ఎజే అంటుంది.

"రాకపోతే మాటలే చెప్పు. నోరుందా లేదా?"

నాజిక్ రుమాలు చేత్తో నలుపుతూ నిలబడింది. పాలు పితికేటప్పుడు తనలో తాను అల్లుకున్న నాలుగు మాటలు, గోడ వైపు చూస్తూ చెప్పింది.

కనుమ దిగి వస్తావు, కబురు పెట్టవు.
కుక్క మొరగదు, గడియ కదలదు.
పైకప్పు మీద వేళ్లతో తట్టి
లేపుతావు నన్నొక్కదాన్నే.
మెడ తడుపుతావు, జడ తడుపుతావు,
తెల్లారకుండా వెళ్లిపోతావు.
నువ్వు పడుకున్న చోట
గడ్డి లేచి నిలబడుతుంది.
మళ్లీ ఎప్పుడని అడగను.
అడిగితే రావు.

 చప్పట్లు పడ్డాయి. ఒక పెద్దాయన "బాగుందమ్మా, మనసు చల్లబడింది" అన్నాడు కూడా. అది అక్కడితో అయిపోయేదే. కాని బేగాయిమ్ చెయ్యి పైకెత్తింది.

"ఆగండి, ఆగండి. దీన్ని ఇలా చప్పట్లు కొట్టి వదిలేస్తే ఎలా? ఇందులో ఒక లోకం ఉంది." గొంతు క్లాసు గొంతైపోయింది. "మొదటి పాదం చూడండి. కనుమ అంటే ఏమిటి?"

"కొండల మధ్య దారి," అన్నాడు కుబాన్.

"అది నీకు. కవిత్వంలో కనుమ అంటే హద్దు. హద్దు దాటి, కబురు పెట్టకుండా వస్తున్నారు. కుక్క ఎందుకు మొరగలేదు?"

"తెలిసినవాడు కాబట్టి!" అంది కలిచా వెంటనే.

"చూశారా! కలిచా అత్త బడికి వెళ్లకపోయినా పట్టేసింది. తర్వాత, 'నన్నొక్కదాన్నే' లేపుతావు అంటోంది. ఒక్కదాన్నే ఎందుకు? పక్కన ఇంకొకరు నిద్రపోతున్నారు కాబట్టి."

అందరి కళ్లూ కుబాన్ మీదికి వెళ్లాయి. కుబాన్ ఎముక మీది మాంసాన్ని మహా శ్రద్ధగా కోస్తున్నాడు.

"ఇక గడ్డి. గడ్డి లేచి నిలబడిందంటే, అంతకుముందు..."

"అణిగింది!" అరిచాయి రెండు మూడు గొంతులు. ఆడవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతున్నారు.

నాజిక్ మొహం సమోవార్ కన్నా ఎర్రగా ఉంది. "కాదు, ఎజే. అది మనిషి కాదు. అది... పైనుంచి పడేది."

"విన్నారా!" కలిచా తొడ చరుచుకుంది. "పైన పడతాడని తన నోటితో తనే చెప్తోంది కదే!"

ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ గోలలోనే ఎవరో, తెల్లవారుజామున కనుమ దిగి ఊళ్లోకి వచ్చేది పాలలారీ సగిన్ ఒక్కడే కదా అన్నారు. ఇంకెవరో, సగిన్ పైకప్పు ఎక్కితే ఇల్లు మిగలదు కదా అన్నారు. మరొకరు, అందుకే వేళ్లతో తడుతున్నాడన్నారు.

నాజిక్ అత్తగారి వైపు చూసింది.

బూరుల్‌కు మొదటి పాదానికే తెలుసు. ఆ కవితలో ఏది లేదో, ఎందుకు లేదో ఆ గదిలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. కలిచాకు గుర్తొచ్చిందో లేదో చెప్పలేం. వచ్చినా ఆమె చెప్పదు. అర్థమైపోయిన కవిత కన్నా అర్థం కానిది విందులో ఎక్కువసేపు సాగుతుంది. బూరుల్ నోరు విప్పి, "ఒసే ముసలిదానా, అది మా ఆయన పేరులో ఉన్నదే" అంటే చాలు. నవ్వు అటు తిరిగేది. కూతురి మీదికి తిరిగేది. కూతురు ఎంత బాగా చెబుతోంది, ఎంతమంది నోళ్లు తెరుచుకుని వింటున్నారు! ఆ బోర్సోక్ తిన్న నోళ్లే. కాస్త ఉడకనీ, మాంసం వడ్డించాక చెబుదాం అనుకుంది బూరుల్. మాంసం అయ్యాక సూప్ వచ్చింది. సూప్ అయ్యాక అందరూ అరచేతులు మొహానికి రాసుకుని దీవెన చెప్పి లేచారు. దీవెన తర్వాత ఇలాంటి మాటలేం బాగుంటాయి?

మర్నాటికి ఊళ్లో గడ్డి అనే మాట ఎవరు పలికినా నవ్వే. ఇళ్ల ముందు పాల క్యాన్లు ఎత్తుకుంటున్న సగిన్‌ను ఎవరో అడిగేశారు. సగిన్ గడ్డం కింద మూడు మడతలున్నవాడు, ముగ్గురు పిల్లలవాడు, మెట్లు ఎక్కితే ఆయాసం. అలాంటివాడి మీద జీవితంలో మొదటిసారి ఒక కవిత వచ్చింది. అతను అవునని అనలేదు. కాదనీ అనలేదు. టోపీ సర్దుకుని కొండల వైపు చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చాలు.

కుబాన్ గొడ్ల సావిట్లోకి వచ్చాడు. బూరుల్ ఆవుకు గడ్డి వేస్తోంది. బేగాయిమ్ గుమ్మానికి ఆనుకుని, వచ్చే వారం తనిఖీకి వస్తున్న విద్యాశాఖవాళ్ల ముందు చెప్పబోయే పాఠం గురించి తల్లికి వివరిస్తోంది. 'ఒక కోడలి కవితలో దాగిన భాష' అని దానికి పేరు కూడా పెట్టింది. అది నచ్చితే ఆమె ఆ బడికి పెద్ద టీచరు అవుతుంది.

"అపా," అన్నాడు కుబాన్. "నాజిక్ ఏడుస్తోంది. అది మనిషి కాదంటోంది. దాని పేరు నేను అనకూడదు, మీ అమ్మనడుగు, మీ అమ్మే నాకు చెప్పింది అంటోంది. ఏం చెప్పావు నువ్వు దానికి?"

బేగాయిమ్ మాట ఆపి తల్లి వైపు చూసింది. ఆ చూపులో అనుమానం లేదు. తనిఖీవాళ్ల ముందు వేసుకోబోయే కొత్త కోటు ఉంది.

బూరుల్ గడ్డిమోపు కింద పెట్టింది. "ఏం చెప్తాను నాయనా? ఆ పాత ఆచారాలు ఈ రోజుల్లో ఎవరు పాటిస్తున్నారు? నేనేం చెప్పలేదు."

అంతే. అబద్ధం ఎంత చిన్నదంటే, ఆవు నమలడం కూడా ఆపలేదు.

ఆ మధ్యాహ్నమే కుబాన్ పెళ్లాం బట్టలు సంచిలో కుక్కి కారులో పడేశాడు. నది అవతలి ఊళ్లో ఆమె పుట్టిల్లు. ఆమె మీరిమ్‌ను ఎత్తుకోబోతే కుబాన్ చెయ్యి అడ్డం పెట్టాడు. బిడ్డ తండ్రి వంశానిది. నాజిక్ గేటు దగ్గర ఆగి అత్తగారిని చూసింది. తిట్టలేదు, శపించలేదు. ఏడుపు కూడా ఆగిపోయింది. ఏదో లెక్క సరిచూసుకుంటున్న మనిషిలా చూసి, కారెక్కింది.

తనిఖీవాళ్లకు పాఠం బ్రహ్మాండంగా నచ్చింది. బేగాయిమ్ పెద్ద టీచరైంది. బూరుల్ మళ్లీ పాలు పితకడం, పొయ్యి ఊదడం మొదలుపెట్టింది. ఆమె బోర్సోక్ మళ్లీ గట్టిగా వచ్చాయి. కాకపోతే వాటిని తినడానికి ఎవరూ రావడం లేదు. మీరిమ్ రోజూ గేటు పట్టుకుని నిలబడి, "నాజిక్ ఎప్పుడొస్తుంది?" అని అడుగుతుంది. బూరుల్ ఒళ్లోకి లాక్కుని, "నేను లేనూ?" అంటుంది. "నువ్వున్నావు. నాజిక్ ఎప్పుడొస్తుంది?" అంటుంది పిల్ల. ఆ పిల్ల చేతులు మెడ చుట్టూ పడకపోతే బూరుల్‌కు నిద్ర పట్టదు. ఇంట్లో తనకంటూ ఇంకేం మిగిలిందని?

కొండల మీద తొలి మంచు కనిపించే వేళకు నాజిక్ తండ్రి కబురు పెట్టాడు. పెద్దలను కూర్చోబెడుతున్నాం, బిడ్డను తీసుకుని రండి. తప్పు ఎవరి వైపు తేలితే బిడ్డ రెండోవాళ్లది.

పెద్దలు ఇద్దరు. కచికే తాత ముఖ్యుడు. రెండో ఆయనకు చెవుడు, గడ్డం మాత్రం పొడుగు. నాజిక్ పుట్టింట్లో పరుపుల మీద అందరూ చుట్టూ కూర్చున్నారు. నాజిక్ చిక్కింది. కాని తలవంచుకోలేదు, కళ్లు అందరి మొహాల మీదా తిరుగుతున్నాయి. మీరిమ్ తల్లిని చూడగానే పరిగెత్తబోతే బూరుల్ పిల్ల గౌను పట్టుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

బేగాయిమ్ కొత్త కోటు వేసుకుని వచ్చింది. కవిత మొత్తం మళ్లీ వివరించింది. ఇప్పుడు చాలాసార్లు చెప్పి ఉండడం వల్ల ఇంకా బాగా కుదిరింది. హద్దు, గడియ, గడ్డి, తడి. చెవిటి పెద్దాయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నాడు.

"ఒక్క ముక్క చెప్పు, అమ్మా. ఆ మొరగని కుక్క ఎవరిది?"

"అది సంకేతం, తాతా."

"సంకేతమైతే మరి గొర్రెల్ని ఎవరు కాస్తున్నారు?"

కచికే తాత ఆయన్ని మోచేత్తో పొడిచి నాజిక్ వైపు తిరిగాడు. "నువ్వేమంటావు, బిడ్డా?"

"నేను మా అత్తగారిని రెండు మాటలు అడుగుతాను, తాతా," అంది నాజిక్. "అపా, నేను మీ ఇంటికి వచ్చిన రోజు మీరు నాకు ఏ మాటా పలకొద్దని చెప్పలేదు. అంతేనా?"

బూరుల్ చేతులు పిల్ల నడుము చుట్టూ బిగిశాయి. "చెప్పలేదు."

"మామగారి పేరు గాని, ఆ పేరు లోపల ఉన్నది గాని, ఏదీ?"

"లేదన్నానుగా! ఎన్నిసార్లు అడుగుతావు?"

"ఇంక అడగను. అయితే బాగుంది." నాజిక్ ఊపిరి వదిలింది. మొహంలోకి ఒక రకమైన హాయి వచ్చింది. "తాతా, ఆ కవిత వాన గురించి. వాన. వానే కనుమ దిగి వస్తుంది, వానే కప్పు మీద తడుతుంది, వానకు గడ్డి లేస్తుంది. మీరిమ్, ఇటు చూడు. మీ తాత పేరు నీకెవరైనా చెప్పారా? జమ్గర్చీ. అను."

"జమ్గర్చీ," అంది పిల్ల.

బూరుల్ ఒళ్లు జలదరించింది. పిల్ల అనవచ్చు. పిల్ల ఆ ఇంటి రక్తం. కాని కోడలి నోట...

"జమ్గర్చీ, జమ్గర్చీ, వాన తెచ్చే జమ్గర్చీ," అని నాజిక్ చప్పట్లు చరుస్తూ పాడింది. మీరిమ్‌కు ఆట దొరికింది. ఒళ్లోంచి జారి గది మధ్యలోకి వెళ్లి గెంతుతూ పాడుతోంది. చెవిటి పెద్దాయన కూడా తల ఊపుతున్నాడు.

"నాజిక్, ఇది మర్యాద కాదు. ఆయన మా నాన్న," అంది బేగాయిమ్.

"ఏం, ఎజే? మీ అమ్మగారికే అభ్యంతరం లేనప్పుడు మీకేమిటి?" నాజిక్ తండ్రి వైపు తిరిగింది. "అతా, నిన్న సంత నుంచి తెచ్చిన గొర్రెపోతుకు ఇంకా పేరు పెట్టలేదు కదా? ఆ వంకర కొమ్ముది, గజ్జి పట్టినది. జమ్గర్చీ అని పెడదాం. పొద్దున లేస్తే నేనే పిలుస్తాను, ఒరే జమ్గర్చీ, రారా, తిండికి రా..."

"నోర్ముయ్!" బూరుల్ లేచి నిలబడింది. ముందున్న టీ గిన్నె దొర్లిపోయింది. "నోర్ముయ్యవే దరిద్రపుదానా! ఆ మాట నీ నోట రాకూడదని గడప తొక్కిన నాడే చెప్పానా, లేదా నీకు!"

మీరిమ్ పాట ఆపింది. దొర్లిన టీ పరుపు అంచు దాకా పాకుతుంటే ఎవరూ తుడవలేదు.

"చెప్పావా?" అన్నాడు కచికే తాత, చాలా నెమ్మదిగా.

బేగాయిమ్ తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మ కోపంలో అంది, తాతా. దాన్ని అక్షరాలా తీసుకోకూడదు. ఆ 'చెప్పడం' అనేది ఇక్కడ ఒక..."

బూరుల్ చెయ్యి విదిల్చుకుంది. కుబాన్ తల్లిని చూస్తున్నాడు. ఆవు ముందు గడ్డి వేస్తూ ఆమె అన్న మాట అతనికి ఇప్పుడు మళ్లీ వినబడుతున్నట్టుంది.  నాజిక్ చేతులు చాపింది, అంతే. మీరిమ్ అటు చూసి, ఇటు చూసి, ఎవరినీ అడక్కుండా తల్లి ఒళ్లోకి వెళ్లి కూర్చుంది.

బూరుల్ తాను లేచిన ఖాళీ పరుపు వైపు చూసింది. ఇప్పటికీ కాదనవచ్చు. కోపంలో నోరు జారిందని కూతురు దారి చూపించనే చూపించింది. కాని బూరుల్ ఆ దారి పట్టలేదు. దొర్లిన టీ గిన్నెను నిలబెట్టి కూర్చుంది.

"చెప్పాను," అంది. "నేనే చెప్పాను దానికి. విందు నాడు మొదటి పాదానికే నాకు తెలుసు, అది... ఆ తడి గురించేనని. అందరూ నవ్వుతుంటే ఊరుకున్నాను. కొడుకు అడిగితే అబద్ధమాడాను. కవితలో తప్పు లేదు, పిల్లలో తప్పు లేదు. తప్పు నాది."